కాలువ మీద అధికారం లేని వ్యవసాయ మంత్రి

గోదావరి డెల్టాలో సేద్యం అంటే కాలువ నీరే. కాలువలు వదిలితే ఆకుమళ్లు పడతాయి. కాలువలు కట్టేస్తే పొలం పని ఆగుతుంది. నీరు వేరు, వ్యవసాయం వేరు అంటే ఇక్కడి రైతు నవ్వుతాడు. కాని వ్యవసాయాన్ని ఒకరికి, కాలువలను మరొకరికి అప్పగించిన ప్రభుత్వం ఒకటి ఈ ప్రాంతాన్ని పాలించింది. అందులో వ్యవసాయ మంత్రిగా పనిచేసి, శాసనసభలో జవాబులు చెప్పుకున్నవారు రాజమండ్రిలో పుట్టిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు.

ఏలూరు ప్లీడరు

వెంకటరెడ్డి నాయుడు గారు 1875లో జన్మించారు. న్యాయశాస్త్రం చదివి, ఏలూరులో ప్లీడరుగా పేరు తెచ్చుకున్నారు. అప్పట్లో ఏలూరు కృష్ణా జిల్లాలో ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. ఈ జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలో భాగం. ఎంత పెద్ద పని ఉన్నా మద్రాసు రైలు ఎక్కవలసిందే.

బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో, సభల్లో తగిన చోటు దక్కాలని 1916లో ఆరంభమైన జస్టిస్ పార్టీలో ఆయన చేరారు. 1919లో భారత పరిపాలనా సంస్కరణల బిల్లు లండనులో పార్లమెంటు సంఘం ముందుకు వచ్చినప్పుడు, పార్టీ తరఫున అక్కడికి వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఆ చట్టం ప్రకారం 1920లో ఎన్నికలు జరిగాయి. సహాయ నిరాకరణలో ఉన్న కాంగ్రెసు వాటిని బహిష్కరించింది. ఆస్తి, పన్ను లెక్కన కొద్దిమందికే ఓటు ఉండేది. ఎన్నికైన 98 స్థానాల్లో 63 జస్టిస్ పార్టీకి దక్కాయి. ఆ ఏడాది డిసెంబరులో ముగ్గురు మంత్రులు ప్రమాణం చేశారు. వారిలో వెంకటరెడ్డి నాయుడు గారు ఒకరు. ఆయనకు అభివృద్ధి శాఖ ఇచ్చారు. వ్యవసాయం, పరిశ్రమలు అందులోనివే.

సగం పాలన

ఆనాటి పాలనకు ద్వంద్వ ప్రభుత్వం అని పేరు. ప్రభుత్వ శాఖలను రెండు వాటాలు వేశారు. విద్య, ప్రజారోగ్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, పరిశ్రమలు ఎన్నికైన మంత్రులకు వచ్చాయి. భూమి శిస్తు, నీటిపారుదల, పోలీసు, ఖజానా చక్రవర్తి నియమించిన కార్యనిర్వాహక సభ్యుల చేతుల్లో ఉండిపోయాయి. మంత్రి సభ మద్దతుతో ఉండాలి. కార్యనిర్వాహక సభ్యుడిని మాత్రం సభ దించలేదు.

ఆ రోజుల్లో శాసన మండలి అంటే పై సభ కాదు, ఉన్న ఒకే సభ అదే. 1921 జనవరిలో దాన్ని కన్నాట్ డ్యూక్ ప్రారంభించారు. సభ్యుడు ముందుగా రాసి పంపిన ప్రశ్నకు ప్రభుత్వం జవాబు ఇవ్వాలి. ఆ జవాబు మీద ఏ సభ్యుడైనా లేచి అనుబంధ ప్రశ్న వేయవచ్చు. అంతకు ముందు 1909 చట్టం కింద ఆ అవకాశం మొదట ప్రశ్న అడిగిన సభ్యుడికే ఉండేది.

అడిగే హక్కు ఇలా పెరిగింది. కాని ఎవరిని ఏమి అడగాలన్న చోట చిక్కు వచ్చింది. డెల్టా సభ్యుడు విత్తనాల గురించి అడిగితే వెంకటరెడ్డి నాయుడు గారు జవాబు చెప్పాలి. అదే చేలకు నీరు ఎందుకు అందలేదని అడిగితే ఆ మాట ఆయనది కాదు. శిస్తు తగ్గించాలన్నా ఆయనది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసింది. మన్యం అట్టుడికింది. పోలీసు శాఖ కూడా మంత్రుల చేతిలో లేదు.

ఆ ఇరుకులోనే కొంత పని జరిగింది. పరిశ్రమ పెట్టదలచినవారికి సర్కారు అప్పు, సాయం అందించే చట్టం 1922లో మద్రాసులో వచ్చింది. అయితే ఏ పనికైనా డబ్బు కావాలంటే మంత్రులు ఖజానా చూసే సభ్యుడి దగ్గరకు వెళ్లవలసిందే.

దాచకుండా చెప్పిన సంగతి

1921 జులై తరువాత పానుగంటి రాజా, వెంకటరెడ్డి నాయుడు, పాత్రో ఈ ముగ్గురూ మంత్రులు. ముగ్గురూ తెలుగు ప్రాంతాలవారు కావడంతో తమిళ సభ్యుల్లో అసంతృప్తి పెరిగింది. 1923 నవంబరులో ఏర్పడిన రెండో మంత్రివర్గంలో ఆయన స్థానం శివజ్ఞానం పిళ్లై గారికి వెళ్లింది.

పదవి పోయాక ఆయన ఊరుకోలేదు. 1924లో ద్వంద్వ ప్రభుత్వం ఎలా నడుస్తున్నదో విచారించడానికి ముడిమన్ సంఘం ఏర్పడింది. దాని ముందు ఆయన తన అనుభవాన్ని విప్పి చెప్పారు. తాను అభివృద్ధి మంత్రినే అయినా అడవులు తన కింద లేవన్నారు. వ్యవసాయ మంత్రినే అయినా నీటిపారుదల తనది కాదన్నారు. రైతులకు ఇచ్చే తకావి అప్పులతోనూ, భూమి బాగుచేసుకునే అప్పులతోనూ తనకు సంబంధం లేదన్నారు. పరిశ్రమల మంత్రినన్న పేరేగాని ఫ్యాక్టరీలు, బాయిలర్లు, విద్యుత్తు, గనులు, కార్మికులు వేరేవారి అధీనంలో ఉన్నాయన్నారు. ఆ సాక్ష్యం దేశమంతటా ప్రచారమైంది. ద్వంద్వ ప్రభుత్వం లోపాలు చెప్పే రాజ్యాంగ చరిత్ర పుస్తకాల్లో ఈ మాట ఈనాటికీ ఉదాహరణగా కనబడుతుంది.

ఇలా చెప్పినవారు సర్కారును ధిక్కరించి జైలుకు పోయిన నాయకుడు కారు. సంస్కరణలను నమ్మి, పదవి తీసుకుని, లోపల నుంచి చూసినవారు. అందుకే ఆ మాటకు అంత బరువు వచ్చింది.

సముద్రాల అవతల

1929 నుంచి 1932 దాకా ఆయన దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా పనిచేశారు. శ్రీనివాస శాస్త్రి గారి తరువాత ఆ పదవిలోకి వెళ్లారు. 1860 మొదలు నేటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఏజెంటు అర్జీ పెట్టగలడు, నచ్చజెప్పగలడు. అక్కడి పార్లమెంటులో లేచి మంత్రిని నిలదీయలేడు.

తిరిగి వచ్చాక మద్రాసు కార్యనిర్వాహక మండలిలో న్యాయ సభ్యుడయ్యారు. గవర్నరు లార్డ్ ఎర్‌స్కిన్ సెలవు మీద వెళ్లగా 1936 జూన్ నుంచి అక్టోబరు దాకా తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు.

అధికారం ఉంది, సభ లేదు

1937 ఏప్రిల్ 1న కొత్త చట్టం అమలులోకి వచ్చింది. రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వం పోయింది. నీరు, శిస్తు, పోలీసు, ఖజానా అన్నీ మంత్రుల చేతికి వచ్చాయి. ఆ మార్పు కోసం సాక్ష్యం చెప్పిన వెంకటరెడ్డి నాయుడు గారే ఆ రోజు మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు.

కాని పరిస్థితి తలకిందులుగా ఉంది. ఎన్నికల్లో అసెంబ్లీలోని 215 స్థానాల్లో 159 కాంగ్రెసు గెలిచింది. గవర్నరు తన ప్రత్యేకాధికారాలతో అడ్డుపడనని మాట ఇస్తేనే గద్దె ఎక్కుతామని ఆ పార్టీ పట్టుబట్టింది. మధ్యలో ఖాళీ నింపడానికి ఈ తాత్కాలిక మంత్రివర్గం ఏర్పడింది. సభ కూడితే ఆ మంత్రివర్గం ఒక్కపూట నిలవదు. అందువల్ల అది ప్రశ్నలకు నిలబడకుండానే మూడున్నర నెలలు గడిచాయి. జులై 14న ఆయన దిగిపోగా రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ప్రకాశం పంతులు గారు రెవెన్యూ మంత్రి అయ్యారు. అసెంబ్లీ స్పీకరుగా ఎన్నికైనవారు గోదావరి జిల్లా దుళ్ల గ్రామంలో పుట్టిన బులుసు సాంబమూర్తి గారు.

1921లో సభ ఉంది, అడిగేవారు ఉన్నారు, మంత్రికి కాలువ మీద అధికారం లేదు. 1937లో కాలువ మీద అధికారం వచ్చింది, అడిగే సభ ఎదురుగా లేదు. ఈ రెండు లోట్లనూ పదవిలో ఉండి చూసిన తెలుగువారు ఆయన. తరువాత అన్నామలై విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా ఉండి 1942లో కన్నుమూశారు.

నేడు రాజ్యాంగం ప్రకారం శాసనసభ రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటరాదు. కాలువ పూడిక, శివారు భూములకు నీరు, విత్తనం, అప్పు వీటన్నిటికీ జవాబు చెప్పవలసినవారు సభకు బాధ్యులైన మంత్రులే. మా శాఖ కాదని ఒక మంత్రి అంటే, ఆ శాఖ మంత్రి అదే సభలో కూర్చుని ఉంటారు. ఓటు వేసిన ఊరు తన ఎమ్మెల్యే చేత ఆ ప్రశ్న రాయించుకోవాలి. జవాబు వచ్చేదాకా అడిగించాలి.