సవర పిల్లలకు సవర మాటతో బడి

పఠన భాగము: అపొ. కార్యములు 2:1–13



పెంతెకొస్తు దినమున దూరదేశములనుండి వచ్చిన జనులు దేవుని గొప్పకార్యములను తమ ఇంటి మాటలోనే వినిరి. ఆ భాగమును ధ్యానించుచుండగా మాకు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన మన మతస్థుడు కాడు. అయినను కొండప్రాంతపు సంఘములు ఆయన పేరు ఎరిగియుండవలెను.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళము దగ్గర పర్వతాలపేటలో జన్మించెను. చిన్నతనమందే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరములో చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతమునకు ఉపాధ్యాయుడాయెను.

ఆ ఊరి చుట్టునున్న కొండలలో సవరలుందురు. వారి భాషకు అప్పటికి లిపి లేదు. తెలుగు రానందున వారు సంతలో మోసపోవుచుండిరి, బడిలో వారి పిల్లలకు పాఠము అర్థము కాకుండెను. పంతులుగారు రెండు భాషలును ఎరిగిన ఒక మనిషిని తన యింట పెట్టుకొని సవరభాష నేర్చుకొనెను. ఆ కాలపు బ్రాహ్మణ గృహములో ఇది చిన్న సంగతి కాదు. అడవులలో తిరుగగా మలేరియా పట్టెను. దానికి పుచ్చుకొన్న క్వినైనువలన చెముడు వచ్చి జీవితాంతము నిలిచెను. మాటను చెవితో పట్టుకొనవలసిన పనిలో నున్నవానికి చెవియే పోయెను! అయినను ఆయన పని మానలేదు.

తెలుగు అక్షరములతో సవర వాచకములు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, అయ్యవార్లకు జీతములిచ్చెను. పిల్లవాడు ముందు తనకు తెలిసిన మాటనే అక్షరములలో చూడవలెనన్నది ఆయన పద్ధతి. మన అరకు లోయలో ఇంట కువి, గదబ, పొర్జ మాటలాడు పిల్లలకు మన ఆదివారపు బడిలో ఏ మాటతో కథ చెప్పుచున్నాము? మేమైతే ఈ ప్రశ్నను దాటిపోలేకున్నాము.

ప్రభుత్వమువారు 1913లో బిరుదునిచ్చిరి. సవర వ్యాకరణము 1931లో అచ్చయ్యెను. వాడుక తెలుగు కొరకు ఆయన చేసిన పోరాటము అందరెరిగినదే. ఆయన పుట్టినదినమే తెలుగు భాషా దినోత్సవము. కొండబడుల సంగతి మాత్రము ఆ సభలలో అంతగా వినబడదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అర్ధశతాబ్దమునకు పైగా కాపురమున్న ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. 1940 జనవరి 22న మరణించెను. సవరల పాటలను కూర్చు పని ఆయన కుమారుడు సీతాపతిగారు కొనసాగించెను.