భూమి తిరుగుతోందని చెప్పిన ఆర్యభటుడు

బరంపురంలో మనవాళ్లు పొద్దుపొడుపు చూసిన సుమారు 35 నిమిషాలకు గానీ షోలాపూర్‌లో మనవాళ్లకు సూర్యుడు కనిపించడు. సూర్యుడు ఒడిశా నుంచి మహారాష్ట్రకు నడిచి రావడానికి పట్టిన సమయం కాదది. భూమి పడమర నుంచి తూర్పుకు గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతూ ముందు బరంపురాన్ని, ఆ తర్వాత షోలాపూర్‌ను వెలుగులోకి తెస్తుంది. మన పిల్లలు బడిలో ఏ భాషలో చదువుకున్నా ఈ పాఠం నేర్చుకుంటారు. 1500 ఏళ్ల కిందట ఇదే చెప్పిన ఆర్యభటుడి మాటను మాత్రం ఆయన గ్రంథాన్ని నెత్తిన పెట్టుకున్నవారే చాలామంది ఒప్పుకోలేదు.

ఆర్యభటుడు క్రీ.శ. 476లో పుట్టాడు. కలియుగంలో 3600 ఏళ్లు గడిచేసరికి తనకు 23 ఏళ్లని ఆయనే రాసుకున్నాడు కాబట్టి ఆ సంవత్సరం మనకు తెలిసింది. ఆయన విద్య వెలసిన చోటు కుసుమపురం, అంటే నేటి పట్నా ప్రాంతమని వ్యాఖ్యాతలు చెప్పారు. ఆయనను అశ్మకుడని కూడా పిలిచారు. అశ్మక జనపదం గోదావరి తీరంలోనిది కాబట్టి ఆయన ఇటువైపు వాడే అయివుంటాడని కొందరి అభిప్రాయం.

ఆయన రాసిన 'ఆర్యభటీయం'లో ఒక పోలిక ఉంది. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి. నక్షత్రాలు పడమరకు పోతున్నట్టు కనిపించడమూ అంతే. యానాం దగ్గర గోదావరిలో పడవ ఎక్కే మనకు ఇది వింత కాదు. భూమి ఒక చుట్టు తిరగడానికి ఆయన లెక్క ప్రకారం పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. నేటి కొలతా అదే. అయితే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని ఆయన అనలేదు.

భూమే తిరిగితే ఎగిరిన పక్షి తన గూటికి ఎలా చేరుతుందని వరాహమిహిరుడు అడిగాడు. గాలీ, పక్షీ, గూడూ అన్నీ భూమితో పాటే తిరుగుతాయన్న జవాబు అప్పటికి లేదు. 628లో బ్రహ్మగుప్తుడూ ఖండించాడు. తర్వాత వ్యాఖ్యాతలు మూలంలోని 'భూః' అన్న మాటను 'భం' అని మార్చి చదివారు. ఆ చిన్న మార్పుతో తిరిగేది భూమి కాదు, నక్షత్ర మండలం అయిపోయింది.

అయినా గ్రంథం బతికింది. దక్షిణాదిలో తరతరాలుగా దాన్ని చదివారు, రాసి పెట్టుకున్నారు. 15వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి చెందిన యల్లయ దానిపై వివరణ రాశాడు. 19వ శతాబ్దంలో కోటికలపూడి కోదండరామ సిద్ధాంతి తెలుగులోనే వ్యాఖ్య రాశారు.

మరి అసలు మాట 'భూః' అని మనకెలా తెలిసింది? తప్పని చూపడానికి బ్రహ్మగుప్తుడు దాన్ని ఉన్నదున్నట్టు తన గ్రంథంలోకి ఎత్తి రాశాడు. అయినవారు మార్చిన మాటను ఎదిరించినవాడే మనకు అందించాడు.