వెండితెరకు వెన్నెల తెచ్చిన మార్కస్ బార్ట్లీ

'మాయాబజార్' చూడని తెలుగు కుటుంబం అరుదు. అందులో పడవ విహారం వచ్చేసరికి పెద్దవారు సైతం మాటలు మాని తెరవైపు చూస్తారు. ఆ పాట వ్రాసిన పింగళివారినీ, పాడిన ఘంటసాల, లీలగార్లనూ మన పిల్లలు కూడ ఎరుగుదురు. నీటిమీద ఆ వెన్నెల పరచిన మార్కస్ బార్ట్లీగారి పేరు మాత్రం చాలమందికి తెలియదు.

ఆయన తెలుగువారు కారు. 1917లో సింహళంలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబంలో జన్మించారు. చిన్ననాడే ఫొటోల సరదా పట్టుకున్నది. యౌవనంలో పత్రికకు ఫొటోలు తీసి, ఆ తరువాత వార్తాచిత్రాలలో పనిచేశారు. వార్తాచిత్రం తీసేవానికోసం సంఘటన రెండవసారి జరగదు గదా! దొరికిన వెలుతురులోనే పని గడుపుకోవాలి. ఆ చురుకుదనం ఆయనకు తుదివరకూ అక్కరకు వచ్చిందని మేము తలుస్తాము.

1945లో బి. ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ'కు ఛాయాగ్రహణం చేశారు. తరువాత విజయా వారి 'షావుకారు', 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మకథ' వరుసగా ఆయన కెమేరాలోనుంచే వచ్చినవి. పరభాషల నడుమ కాపురం చేస్తున్న మనకు తెలుసు, తనది కాని భాషలో మెప్పు పొందడం ఎంత కష్టమో. ఆయన తెలుగువారి పెళ్లిళ్లనూ, అలకలనూ, పురాణపురుషులనూ మనకే కొత్తగా చూపించారు.

ఇక ఆ వెన్నెల మాట. ఆకాశంలోని అసలు వెన్నెలను పట్టగల శక్తి ఆనాటి ఫిల్ముకు లేదు. వెన్నెలను దీపాలతో తయారుచేసుకోవలసిందే. వెలుతురు ఎక్కువైతే పగలౌతుంది, తక్కువైతే నాయిక ముఖం మసకబారుతుంది. ఎక్కడ దీపం పెట్టాలో తెలిస్తే చాలదు, ఎక్కడ చీకటిని వదలాలో తెలియాలి. మాయలకూ అంతే ఓర్పు కావాలి. ఆ రోజులలో కంప్యూటర్లు లేవు. ఫిల్ములో సగం కప్పి తీసి, దానినే వెనక్కు త్రిప్పి, మిగిలిన సగం మళ్లీ తీసేవారు. కెమేరా వెంట్రుకవాసి కదిలినా శ్రమంతా వృథా. ఘటోత్కచుని నోటిలోకి లడ్లు వాటంతటవే వెళ్లడం చూసి నవ్వే మనకు ఇదంతా తట్టదు. తట్టకపోవడమే ఆయన గెలుపు.

రంగుల చిత్రాలు వచ్చాక కూడ ఆయన వెనుకబడలేదు. 1965లో మలయాళ 'చెమ్మీన్'లో కేరళ సముద్రాన్ని రంగులలో చూపారు. ఆ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. 1969లో తమిళ 'శాంతి నిలయం'కు ఆయనకే జాతీయ బహుమతి వచ్చింది.

1993లో బార్ట్లీగారు కన్నుమూశారు. 2010లో 'మాయాబజార్'కు రంగులద్ది మరల విడుదల చేశారు. జనం బాగానే చూచారు. నగలూ పట్టుచీరలూ మెరిసినవి. కాని ఆయన వెన్నెల నలుపు తెలుపులకోసం కూర్చినది. పిల్లలకు చూపించదలచితే మేము పాత ప్రతినే వేస్తాము.