సత్యాన్వేషి దారా షికో

రాజ్యము కొరకు పోరి ఓడిన రాకుమారులు చరిత్రలో పెక్కుమంది కలరు. వారిలో అనేకుల నామములను నేడు తలచువారు లేరు. మొగలు రాకుమారుడు దారా షికో మాత్రము మూడున్నర శతాబ్దములకు పైగా గడచినను జనుల జ్ఞప్తియందు నిలిచియున్నాడు. ఆతనిని అట్లు నిలిపినది ఖడ్గము కాదు, పుస్తకము. స్వమతమును విడువకయే పరమత గ్రంథములను శ్రద్ధతో పఠించి, రెండింటియందును ఒకే సత్యము కలదని చాటినవాడు ఆతడు. తుదకు ఆ మాటయే ఆతనిపై నేరముగా మోపబడెను.

దారా 1615 మార్చి మాసమున అజమీరు నగరమున జన్మించెను. తండ్రి ఖుర్రము, తరువాతి కాలమున షాజహాను చక్రవర్తి. తల్లి ముంతాజ్ మహలు. పుత్రసంతానము కోరి తండ్రి అజమీరులోని ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ సమాధికడ ప్రార్థించెననియు, ఆ ప్రార్థనాఫలముగా తాను జన్మించితిననియు దారా తన గ్రంథమున చెప్పుకొనెను. ఆతని ముత్తాత అక్బరు. 1575లో ఫత్తేపూరు సిక్రీయందు ప్రార్థనామందిరమును నిర్మించి, మొదట ముస్లిము పండితులను, పిమ్మట హిందువులను, జైనులను, పార్సీలను, క్రైస్తవులను రప్పించి, వారి వాదములను విన్న ప్రభువాతడు. అక్బరునందు రాజనీతితో పెనవైచుకొనియున్న ఆ జిజ్ఞాస మునిమనుమనియందు ఆత్మవేదనగా పరిణమించెను.

1633లో దారాకు తన పెదతండ్రి కుమార్తెయగు నాదిరా బానుతో వివాహమయ్యెను. బహుభార్యాత్వము పరిపాటియైన రాజవంశమున పుట్టియు ఆతడు వేరొకతెను పరిణయమాడలేదు. ఆమెకు ఆతడు కానుకగా నొసగిన చిత్రపటముల సంపుటము నేటికిని లండను నగరపు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

లాహోరున మియాన్ మీరు అను సూఫీ మహాత్ముడు నివసించుచుండెను. ఆయనపై దారాకు అపారమైన భక్తి కలిగెను. ఆయన 1635లో పరమపదించిన పిమ్మట, ఆయన శిష్యుడైన ముల్లా షా వలన కాశ్మీరమున దారాయు, ఆతని సోదరి జహనారాయు ఉపదేశము పొందిరి. ఇరువది యైదవయేట దారా ముస్లిము మహాత్ముల చరిత్రలను గ్రంథస్థము చేసెను. తన గురుపరంపరను గూర్చియు, సాధనమార్గమును గూర్చియు వేరు గ్రంథములు రచించెను. ఆతని అన్వేషణము ఇట్లు స్వమతమునందే మొదలయ్యెను.

అన్వేషణము అచ్చట ఆగలేదు. 1653లో దారా కాందహారు కోటను ముట్టడించి, సాధింపలేక మరలి వచ్చెను. ఆ తిరుగు ప్రయాణమున లాహోరులో బాబా లాల్ అను హిందూ యోగిని దర్శించి, పలుమారులు సంభాషించెను. రాకుమారుడు ప్రశ్నించుచుండ యోగి ప్రత్యుత్తరములిచ్చెను. చంద్రభాను బ్రాహ్మణుడను ఉద్యోగి పూనికచే ఆ ప్రసంగములు పారసీక భాషలో నిలిచినవి. యుద్ధమున ఓడిన సేనాపతికి ఆ సంభాషణములే ఆ యాత్రాఫలమయ్యెను.

1655లో దారా మజ్మ ఉల్ బహ్రైన్ అను గ్రంథమును ముగించెను. రెండు సముద్రముల సంగమమని ఆ పేరునకు అర్థము. సూఫీలు వాడు పదములకును, వేదాంతులు వాడు పదములకును గల సామ్యమును అందు వరుసగా నిరూపించెను. పంచభూతములు, ఇంద్రియములు, ప్రాణము, దివ్యజ్యోతి, ముక్తి మున్నగు విషయములను ఒక్కొక్కటిగా గ్రహించి, ఉభయమతముల భావములను పోల్చి చూపెను. బ్రహ్మ విష్ణు మహేశ్వరులను జిబ్రాయీలు, మికాయీలు, ఇస్రాఫీలు అను దేవదూతలతో సరిపోల్చెను. భేదము పలుకుబడియందే కాని తత్త్వమునందు లేదని ఆతని నిశ్చయము. ఆ గ్రంథము సముద్రసంగమమను పేర సంస్కృతమునను వెలసెను.

మరి రెండేండ్లకు ఇంకను గొప్ప కార్యమును తలపెట్టెను. కాశీనుండి పండితులను, సన్న్యాసులను ఢిల్లీకి రప్పించి, వారి సాయమున ఆరు నెలలలో ఏబది ఉపనిషత్తులను పారసీకమున వెలయించెను. 1657లో ముగిసిన ఆ గ్రంథమునకు సిర్రె అక్బర్, అనగా మహారహస్యమని నామకరణము చేసెను. ఖురాను ప్రస్తావించిన గుప్తగ్రంథము ఉపనిషత్తులేయని ఆతడు పీఠికలో తెలిపెను. ఈ మాటను కొందరు మతద్రోహముగా తలంచిరి. దారా మనస్సునందు మాత్రము అది ఖురాను అర్థమును మరింత లోతుగా గ్రహించుటయే.

ఆ రాజాస్థానముతో తెలుగువారికిని ఒక బాంధవ్యము కలదు. కోనసీమలోని ముంగండ అగ్రహారమునకు చెందిన జగన్నాథుడు షాజహాను కొలువున పండితరాయ బిరుదమును గడించెను. రసగంగాధరమను అలంకారశాస్త్ర గ్రంథముచే విఖ్యాతుడైన ఆ మహాపండితుడు దారాను ప్రశంసించుచు జగదాభరణమను కావ్యమును రచించెను.

దారా దోషరహితుడని చెప్పరాదు. తండ్రి గారాబమున పెరిగి, సింహాసనము చెంతనే స్వర్ణపీఠమును పొంది, తనకు సాటి లేరని తలపోసెను. సామంతులను, సేనానులను ఎత్తిపొడుపు మాటలతో నొప్పించెను. ఆవలి తీరమున ఔరంగజేబు దక్కనునందు యుద్ధములచే రాటుదేలుచుండ, ఈతడు గ్రంథములతోడను సాధువులతోడను కాలము గడపెను. పుస్తకముల మర్మమెరిగిన ఆతనికి తన చుట్టునున్న మనుష్యుల మర్మము అంతుపట్టలేదు.

1657 సెప్టెంబరులో షాజహాను జబ్బుపడెను. వెంటనే నలువురు కుమారుల నడుమ వారసత్వ యుద్ధము చెలరేగెను. 1658 మే నెలలో ఆగ్రా చెంత సామూగఢ్ రణరంగమున దారా సేన ఔరంగజేబు, మురాదుల సేనను ఎదుర్కొనెను. పోరు ముమ్మరమైన వేళ దారా ఏనుగు దిగి గుర్రమునెక్కెను. అంబారి రిక్తముగా కనబడుటతో సైనికులు ప్రభువు కూలెనని భ్రమించి చెదరిపోయిరి. ఈ యుద్ధము హిందువులకును ముస్లిములకును జరిగినది కాదు. ఇరుపక్షములను ఇరుమతములవారును పోరిరి. ఓడిన దారాను తరిమిన సేనానులలో రాజపుత్రుడగు జయసింహుడును కలడు.

పిమ్మట దారా లాహోరు, ముల్తాను, సింధు, గుజరాతు దేశములలో తిరుగాడెను. 1659 మార్చిలో అజమీరు సమీపమున మరల ఓడెను. తాను పుట్టిన ఊరి చెంతనే ఆతని తుది యాశయు అడుగంటెను. పడమటి సరిహద్దును దాటబోవుచుండ నాదిరా బాను వ్యాధిచే మరణించెను. ఆమె దేహమును లాహోరునకు పంపి, మియాన్ మీరు సమాధి సమీపమున పాతిపెట్టించెను. మాలిక్ జీవన్ అను ఆఫ్ఘను నాయకుని మరణశిక్షనుండి దారా ఒకప్పుడు కాపాడియుండెను. ఇప్పుడు ఆతని ఇంటనే శరణుచొచ్చెను. ఆతడు కృతఘ్నుడై దారాను బంధించి శత్రువుల కప్పగించెను.

దారాను, చిన్న కుమారుడగు సిపిహ్ర్ షికోను మురికిపట్టిన ఆడుఏనుగుపై నెక్కించి ఢిల్లీ వీథులలో త్రిప్పిరి. ఆ దృశ్యమును కన్నులార చూచిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ప్రజలు గొల్లున ఏడ్చిరని వ్రాసెను. మాలిక్ జీవనుపై జనులు రాళ్లు రువ్విరి. ఆ జనాదరణమే దారా మరణమును త్వరపరచెను. చంపవలదని సభలో దానిష్మంద్ ఖాను పలికెనుగాని ఆతని మాట చెల్లలేదు. దారా మతభ్రష్టుడని తీర్మానించిరి. బ్రాహ్మణుల గ్రంథములను దైవదత్తములని నమ్మెననియు, ప్రభు అను నాగరాక్షరములు గల ఉంగరమును ధరించెననియు అధికార చరిత్రకారులు ఆరోపించిరి. సింహాసనముపై ఆశయే అసలు కారణము. మతము దానికి ముసుగు. 1659 ఆగష్టు చివర ఒక రాత్రి ఘాతకులు చెఱసాలలో ప్రవేశించి, కుమారుని వేరుచేసి, దారా శిరస్సును ఖండించిరి. ఆతని దేహమును హుమాయూను సమాధిమందిరమున ఖననము చేసిరి.

దేహము మట్టిపాలయ్యెను గాని గ్రంథము నశింపలేదు. సిర్రె అక్బర్ ప్రతి యొకటి నూరేండ్ల పిదప ఫ్రాన్సు దేశమునకు చేరెను. ఆంకెతీల్ దుపెరోన్ అను పండితుడు దానిని లాటిను భాషలోనికి పరివర్తించి 1801, 1802 సంవత్సరములలో ప్రకటించెను. ఐరోపాలోని విద్వాంసులకు ఉపనిషత్తులు మొట్టమొదట చేరువయైనది ఆ గ్రంథము వలననే. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హౌయరు దానిని జీవితాంతము పారాయణగ్రంథముగా నుంచుకొనెను. హతుడైన ముస్లిము రాకుమారుని కృషివలన హిందువుల వేదాంతము సముద్రములను దాటెను.

ఢిల్లీలో దారా నిర్మించుకొనిన గ్రంథాలయ భవనము పలుమార్పులకు లోనయ్యును నిలిచియున్నది. 2023లో అందు దేశవిభజన చరిత్రను తెలుపు ప్రదర్శనశాల వెలసెను. రెండు సముద్రములను కలుపగోరినవాని పుస్తకశాలలో, మతము పేర చీలిన జనుల కన్నీటిగాథ నేడు చూపబడుచున్నది.

పరుల గ్రంథమును చదివినంతనే స్వవిశ్వాసము చెడదనియు, శ్రద్ధతో చదివినచో అది లోతుబడుననియు దారా జీవితము బోధించుచున్నది. గ్రంథాలయపు బీరువాలో రామాయణము, ఖురాను, బైబిలు ప్రక్కప్రక్కన నిలిచియుండును. అవి యెన్నడును తమలో తాము కలహింపవు. వానిని తెరచి చదువువారు ఆ నెమ్మదిని తమ వీథులలోనికి కొనిపోగలిగిన నాడు, దారా కోరిన సంగమము ప్రతి గ్రామమునను సిద్ధించును.