మన్యం జ్వరం నుంచి మంచు శిఖరం దాకా..
కృష్ణా, గోదావరి నడుమ సర్వే చేసిన జార్జ్ ఎవరెస్ట్

ఆత్మకూర్ (ఎస్): ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఏదని అడిగితే బడి పిల్లలు సైతం తడుముకోకుండా ఎవరెస్ట్ అని చెబుతారు. అది ఒక సర్వే అధికారి పేరని, ఆయన తన ఉద్యోగ జీవితపు తొలినాళ్లలో హైదరాబాదుకు తూర్పున కృష్ణా, గోదావరి నదుల మధ్య గుట్టలెక్కి కొలతలు తీశారని తెలిసిన వారు తక్కువ. ఆత్మకూర్ (ఎస్) మండలం సహా సూర్యాపేట జిల్లా ఈ రెండు నదుల నడుమ భూభాగంలోనిదే. మంచు శిఖరానికి పేరిచ్చిన మనిషిని ఏళ్ల తరబడి పీడించిన జ్వరం ఆ సర్వేలోనే సోకింది.

ఫిరంగి దళం నుంచి సర్వేకు..

జార్జ్ ఎవరెస్ట్ 1790లో జన్మించారు. పదహారో ఏట 1806లో ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో చేరి భారతదేశానికి వచ్చారు. గణితంలో దిట్ట కావడంతో ఆయనను జావా దీవి సర్వేకు పంపారు. 1818లో హైదరాబాదులో విలియం లాంబ్టన్‌కు ప్రధాన సహాయకుడిగా నియమితులయ్యారు. లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే అప్పటికి నిజాం రాజ్యంలో సాగుతోంది.

ఈ సర్వే పద్ధతి వినడానికి తేలిక, ఆచరణలో కఠినం. చదునైన నేలపై ఒక గీతను గొలుసుతో అతి జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొసల నుంచి దూరాన గుట్ట మీద పాతిన జెండాను థియోడొలైట్ అనే యంత్రంతో చూసి కోణాలు తీస్తారు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలను లెక్కతో రాబట్టవచ్చు. ఆ భుజం ఆధారంగా మరో త్రిభుజం, దానిపై ఇంకొకటి.. ఇలా గుట్ట నుంచి గుట్టకు దేశమంతా కొలుచుకుంటూ పోవడమే ఆ పని. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైట్ బరువు సుమారు అర టన్ను.

వానల్లోనే పని

వేసవిలో దుమ్ము, ఎండ వేడిమికి దూరపు గుట్ట మసకబారుతుంది. వాన వెలిసిన తర్వాతే గాలి తేటపడి జెండా స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల 1819లో ఎవరెస్ట్ వర్షాకాలంలోనే బయలుదేరారు. పొంగే వాగులు దాటుతూ, చూపునకు అడ్డొచ్చిన చెట్లు కొట్టిస్తూ గోదావరి వైపు అడవుల్లోకి ప్రవేశించారు. అక్కడ జ్వరం విరుచుకుపడింది. ఎవరెస్ట్‌తో పాటు వైద్యుడు హెన్రీ వాయ్‌సీ, వెంట ఉన్న నూటయాభై మంది దాకా మంచం పట్టారు. వారిని తరలించేందుకు హైదరాబాదు నుంచి ఏనుగులు, ఒంటెలు, డోలీలు పంపారు. అవి చేరేలోగా పలువురు దారి పక్కనే కన్నుమూశారు. జ్వరానికి అడవి గాలే కారణమని నాటి వారి నమ్మకం. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో.

కోలుకునేందుకు ఎవరెస్ట్ 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్లవలసి వచ్చింది. 1823లో నాగపూర్ వెళ్తూ హింగణ్‌ఘాట్ వద్ద లాంబ్టన్ మరణించడంతో సర్వే బాధ్యత ఆయనపై పడింది. మళ్లీ తిరగబెట్టిన జబ్బుతో కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పినా, ఇద్దరు మనుషులు ఎత్తి కూర్చోబెడితే యంత్రంలో చూసి కొలతలు తీసుకున్నారు. 1825లో ఇంగ్లండ్ వెళ్లి, 1830లో సర్వేయర్ జనరల్‌గా తిరిగి వచ్చారు. గంగా మైదానంలో గుట్టలు లేకపోవడంతో ఎత్తైన బురుజులు కట్టించి, రాత్రివేళ దీపాల వెలుగులో పని నడిపించారు. కన్యాకుమారి నుంచి హిమాలయ పాదాల వరకు సుమారు 2,400 కిలోమీటర్ల రేఖాంశ కొలతను 1841లో పూర్తి చేశారు. ముక్కోపిగా పేరుపడినా లెక్కలో వెంట్రుకవాసి తేడాను సహించని అధికారి ఆయన. 1843లో పదవీ విరమణ చేశారు.

వద్దన్నా నిలిచిన పేరు

హిమాలయాల్లో పదిహేనో నంబరు శిఖరంగా నమోదైన పర్వతమే అన్నిటికన్నా ఎత్తైనదని 1852 నాటికి లెక్కల్లో తేలింది. ఆ గణనలో బెంగాల్‌కు చెందిన రాధానాథ్ సిక్దర్ పాత్ర ముఖ్యమైనది. తర్వాతి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా 1856లో ఎత్తును 29,002 అడుగులుగా ప్రకటించి, తన గురువు పేరును ప్రతిపాదించారు. స్థానికులు పలకలేని, హిందీలో రాయరాని పేరు తగదని ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం తెలిపారు. అయినా 1865లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. మరుసటి ఏడాది డిసెంబరు 1న ఆయన లండన్‌లో మరణించారు. టిబెటన్లు చోమోలుంగ్మా అని, నేపాలీలు సగరమాథా అని ఆ శిఖరాన్ని నేటికీ పిలుచుకుంటారు.

2020లో నేపాల్, చైనా సంయుక్తంగా ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. శిఖరాగ్రాన రాతిపై మంచు పొర ఏడాది పొడవునా ఉంటుంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతే. చలికాలంలో పెనుగాలులు శిఖరం మీది మంచును పొగలా ఎగరగొడతాయి. రుతుపవనాలు రాకముందు మే నెలలో గాలులు నెమ్మదించే కొద్ది రోజులే ఎక్కేవారికి అనువైన సమయం. 1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ తొలిసారి పైకి చేరిందీ ఈ కాలంలోనే.

భువనగిరి రాళ్లపై శిక్షణ పొందిన గురుకుల విద్యార్థులు, నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. నాటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వారి పేర్లు రికార్డులకెక్కాయి. 1819లో సర్వే యంత్రాలు మోసి, జ్వరంతో దారిలోనే ఒరిగిపోయిన కూలీల పేర్లు మాత్రం ఏ పటంలోనూ కనిపించవు.