గాలి లెక్కలు వ్రాసిన విశాఖ మహనీయుడు

విశాఖపట్టణములోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరు వినని విద్యార్థి మన చోడవరము పరిసరములలో ఉండడు. ఆ పొడి అక్షరముల వెనుకనున్న వ్యక్తి అంకితం వేంకట నరసింగరావుగారు. ఆ దంపతుల విద్యాదానమును లోకము ఎరుగును. ఆయన ఆకాశమును, గాలిని ఏండ్ల తరబడి పరిశీలించిన శాస్త్రజ్ఞుడని ఎరిగినవారు మాత్రము అరుదు. అందుకే ఆయన చరిత్రను మా పాఠకుల ముందుంచుచున్నాము.

ఆయన మామగారైన గోడే వేంకట జగ్గారావుగారు 1840లో విశాఖలోని డాబాగార్డెన్సునందు సొంత ధనముతో వేధశాలను నెలకొల్పినారు. 1856లో వారు దివంగతులు కాగా ఆ భారము అల్లునిపై పడినది. ప్రతిఫలము లేని పని అది. తలుపులు మూసివేసినా అడుగువారు లేరు. భారత వాతావరణ శాఖ ఏర్పడుటకే ఇంకను 19 సంవత్సరములు కావలసియుండెను. అయినను నరసింగరావుగారు దానిని జీవితాంతము నడిపించినారు. 1874 డిసెంబరు 9న సూర్యబింబముమీదుగా శుక్రుడు సాగిపోవుటను పరిశీలించినారు. లండనులోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించినది. వేధశాల వాతావరణ ఫలితములను ఆయన అచ్చువేయించినారు.

ఇంతకూ గాలిని లెక్కించుట ఎందుకు? గాలి పుట్టుటకు మూలము సూర్యుడు. పగలు విశాఖ ఇసుక తిన్నెలు సముద్రముకంటె త్వరగా వేడెక్కును. నేలపై గాలి తేలికయై పైకి లేచును. ఆ చోటికి కడలి నుండి చల్లగాలి వచ్చును. రాత్రి నేల త్వరగా చల్లబడుటచే గాలి కడలివైపు మరలును. ఈ ఊరి కథయే భూగోళమంతటి కథ. భూమధ్యరేఖవద్ద వేడిగాలి పైకి లేవగా, ఇరుప్రక్కల నుండి గాలులు అటు సాగును. భూభ్రమణముచే అవి ఉత్తరార్ధగోళమున కుడివైపునకు, దక్షిణార్ధగోళమున ఎడమవైపునకు ఒరుగును.

వేసవిలో ఉపఖండము కాగినపుడు దక్షిణార్ధగోళపు గాలులు భూమధ్యరేఖ దాటి, కుడివైపు తిరిగి, నైరుతి ఋతుపవనములై మన చెరకు తోటలను తడుపును. ఇంగ్లీషువారి మాన్‌సూన్ అను మాటకు అరబ్బీ మౌసిమ్ మూలము. మన ఉర్దూ సోదరుల మౌసమ్ కూడ అదియే.

గాలి అన్నివేళల మిత్రుడు కాదు. 1876 అక్టోబరులో విశాఖను తాకిన తుపానుపై జాన్ ఇలియట్ ప్రత్యేక నివేదిక వ్రాసినాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ప్రాంతమును అతలాకుతలము చేసినది. తుపాను సమీపించుకొలది వాయుభారము తగ్గును, గాలి దిక్కు మారును. మామూలు రోజుల లెక్క చేతనున్నవానికే ఆ మార్పు పట్టుబడును. ఏమియు జరుగని దినములలో వ్రాసిన అంకెలే ఆపద దినమున అక్కరకు వచ్చును. నరసింగరావుగారి ఓర్పులోని విలువ ఇదియే.

ఆయన 1892లో పరమపదించినారు. నేడు ఆ వేధశాల లేదు, కళాశాల నిలిచియున్నది. మన కళాశాల మేడపైన ఒక పవనసూచిని, ఒక వర్షమాపకమును అమర్చుట కమిటీవారికి పెద్ద వ్యయము కాదు. దినమునకొక విద్యార్థి వంతున లెక్క వ్రాసినచో, ఆ మహనీయునికి అంతకు మించిన నివాళి లేదని మా విశ్వాసము.