గిరిజన బంధువు హైమండార్ఫ్

చట్టంలో లిఖితమైనంత మాత్రాన హక్కు మనిషికి దక్కదు. ఆ చట్టం ఉన్నదని అతనికి తెలియాలి. దానిని చదివి, అధికారి ఎదుట నిలిచి న్యాయం అడుగగల ధైర్యం కలగాలి. నిజాం రాజ్యపు అడవుల్లో ఈ సత్యాన్ని గుర్తించి, గిరిజనుల విద్యకు బాటలు వేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్.

ఆయన 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే డాక్టరేటు పొందాడు. 1936లో భారతదేశానికి వచ్చి నాగా కొండల్లో పరిశోధన చేశాడు. 1938లో బెట్టీని వివాహమాడాడు. మరుసటి సంవత్సరం దంపతులు భారతదేశానికి చేరుకున్న కొద్దికాలానికే రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. శత్రుదేశపు పౌరునిగా పరిగణింపబడిన హైమండార్ఫ్ హైదరాబాదు సంస్థానపు ఎల్లలకే పరిమితం కావలసి వచ్చింది. ఆ నిర్బంధమే ఇక్కడి గిరిజనులకు ఒక ఆప్తుణ్ణి ప్రసాదించింది.

నల్లమల చెంచుల జీవితాన్ని అధ్యయనం చేసిన పిమ్మట, 1941లో ఆయన భద్రాచలానికి దిగువన గోదావరి తీరపు కొండలకు వెళ్ళాడు. అక్కడ పోడు వ్యవసాయంతో జీవించే కొండరెడ్ల నడుమ నివసించాడు. నది ఒక్కటే, ప్రభుత్వాలు రెండు. భద్రాచలం వైపు ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుల భూమి అన్యాక్రాంతం కాకుండా 1917 నాటి చట్టం కొంత రక్షణ కల్పించింది. నిజాం ఏలుబడిలోని ఆవలి గట్టున అటువంటి రక్షణ లేదు. వెదురు నరికే కొండరెడ్డి కూలి ఎంతో, అప్పు ఎంతో వ్యాపారి లెక్కల పుస్తకానికే తెలుసు. ఆ పుస్తకం చదువగలవారు గూడెంలో లేరు. ఈ అనుభవాలను హైమండార్ఫ్ 1945లో కొండరెడ్లపై వెలువరించిన గ్రంథంలో వివరించాడు.

1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీము నేలకొరిగిన తరువాత, ఆదిలాబాదు గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకొనే బాధ్యతను నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌కు అప్పగించింది. భూమి చేజారడమే ప్రధాన కారణమని ఆయన గ్రహించాడు. అయితే పట్టా చేతికిచ్చినంతనే సమస్య తీరదు. పట్టాలో ఏమున్నదో చదువుకోలేనివాడు దానిని నిలుపుకోలేడు. అందుచేత 1943లో మార్లవాయి గ్రామంలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఆరంభమైంది. అక్షరజ్ఞానం కొద్దిగా ఉన్న గోండు యువకులనే ఎంపిక చేసి ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. పిల్లలకు పరాయి భాష భారం కాకుండా గోండి భాషలో వాచకాలు సిద్ధమయ్యాయి. నేటి ఖమ్మం ప్రాంతం అంతర్భాగమైన నాటి వరంగల్ జిల్లాలోని కోయలకూ ఇటువంటి విద్యాపథకం విస్తరించింది. శిస్తు రశీదును, ప్రభుత్వ ఉత్తర్వును చదువగల తరాన్ని తయారు చేయడం ఈ బడుల ఆశయం.

1945లో హైమండార్ఫ్ ప్రభుత్వానికి గిరిజన సలహాదారుడయ్యాడు. ఆయన కృషితో గిరిజన ప్రాంతాల పరిపాలనకు ప్రత్యేక శాసనం వచ్చింది. ఆదిలాబాదులో వేలాది కుటుంబాలకు లక్షకు పైగా ఎకరాల భూమి దక్కింది.

1949లో లండను విశ్వవిద్యాలయంలో అధ్యాపకునిగా చేరినా ఆయన ఈ అడవులను మరువలేదు. 1970 దశకంలో తిరిగి వచ్చి చూడగా, చట్టాలుండి కూడా అనేక గ్రామాల్లో భూములు మళ్ళీ ఇతరుల పాలయ్యాయి. ఆ చేదు నిజాన్ని దాచక 1982లో ప్రచురించిన గ్రంథంలో లోకానికి తెలిపాడు.

1987లో హైదరాబాదులో మరణించిన బెట్టీని మార్లవాయిలో సమాధి చేశారు. 1995 జూన్ 11న హైమండార్ఫ్ లండనులో కన్నుమూశాడు. ఆయన అస్థికలకూ ఆ సమాధి పక్కనే చోటు లభించింది. గోండులు ప్రతి ఏటా అక్కడ చేరి ఆ దంపతులకు నివాళులర్పిస్తారు.

నాడు గోదావరి ఒక గట్టున ఉన్న రక్షణ మరొక గట్టున లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరింపజేయడంతో ఆ భేదం తొలగింది. కాని శాసనం కాగితం మీది అక్షరంగా మిగలక రక్షణ కవచం కావాలంటే, దానిని తెలుసుకున్న పౌరులు కావాలి. మార్లవాయి బడి నేర్పిన పాఠం అదే.